గ్రహాలు తరంగాలట, మరి లెక్కేదీ?

సంపాదకుడికి,

గత ఆదివారం మీ సైన్స్ పేజీలో 'గ్రహాలూ తరంగాలే' అని రాశారు. సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. వెయ్యలేదు.

డీబ్రోలీ సూత్రం ఇంటర్ రెండో ఏడాది పాఠమే. ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యరాశి, వేగాల లబ్ధంతో భాగిస్తే ఆ వస్తువు తరంగదైర్ఘ్యం (అల పొడవు) వస్తుంది, అంతే. 54 వోల్టులతో వేగం పెంచిన ఎలక్ట్రానుకు 0.167 నానోమీటర్లు వస్తుంది. నికెల్ స్ఫటికంలో పరమాణువుల ఎడమూ ఆ కోవదే కాబట్టి 1927లో డేవిసన్, జర్మర్‌లకు తరంగం పట్టుబడింది. ఇక భూమి బరువు 6 టెన్ పవర్ 24 కిలోలు. సెకనుకు 30 కిలోమీటర్ల వేగాన్ని ముందు 30,000 మీటర్లు చేసుకోవాలి, సగం మంది తప్పేది ఇక్కడే. వచ్చేది 3.7 టెన్ పవర్ మైనస్ 63 మీటర్లు. పరమాణు కేంద్రకమే టెన్ పవర్ మైనస్ 15 మీటర్ల దగ్గర ఉంటుంది. ఇంత చిన్న తరంగాన్ని ఏ పరికరం చూస్తుంది?

మీ అచ్చులో మాత్రం ఘాతం కిందికి జారి, మైనస్ రాలిపోయి '3.7X1063 మీటర్లు' అయింది. అంటే దగ్గర దగ్గర నాలుగు కిలోమీటర్లు. ఆటోలో వెళ్లి చూసి రావచ్చు!

నక్షత్రాల చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరిగే పదార్థానికి ష్రోడింగర్ సమీకరణం (క్వాంటం తరంగాలకు వాడేది) సరిపోతుందని 2018లో కాల్‌టెక్ శాస్త్రవేత్త బాటిగిన్ చూపించారని మీరు రాసింది నిజమే. సరిపోయింది సమీకరణం రూపం. పళ్లెం నెమ్మదిగా వంగే తీరుకది లెక్క, క్వాంటం కాదు. స్ప్రింగుకీ, కాయిల్-కెపాసిటర్ సర్క్యూట్‌కీ ఒకటే సమీకరణం. అంతమాత్రాన స్ప్రింగు ముట్టుకుంటే షాక్ కొడుతుందా?

నక్షత్రాల్లో క్వాంటం లేదని కాదు. శ్వేత కుబ్జ తార, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, కుప్పకూలకుండా నిలబెట్టేది ఎలక్ట్రాన్ల తరంగ స్వభావమే. తార బరువు సూర్యుడికి 1.4 రెట్లు దాటితే అదీ నిలబెట్టలేదని చంద్రశేఖర్ 1930లో ఓడ ప్రయాణంలోనే లెక్క మొదలుపెట్టారు. అక్కడ తరంగాలు లోపలి ఎలక్ట్రాన్లవి, తారది కాదు. ఇంత మంచి కథ ఉండగా, మీ వ్యాసం చివర 'గ్రహబలానికీ ఇదే ఆధారం కావచ్చు' అన్న ముక్తాయింపు ఎందుకు?

రాశిఫలాలకు అరపేజీ ఉంది, సైన్స్ కాపీ దిద్దేవాళ్లు లేరు. కాలేజీల్లోనూ అంతే. ల్యాబ్ తాళం తీసేది ప్రాక్టికల్స్ వారంలోనే, తనిఖీకొచ్చిన అధికారులు టీ తాగి సంతకం పెట్టి వెళ్తారు. పిల్లలు ఫార్ములా బట్టీ పడతారు, యూనిట్లు గాలికి వదిలేస్తారు. వాళ్లే రేపు మీ డెస్కులో చేరతారు.

సవరణ వేసేటప్పుడైనా ఘాతం పైన పెట్టండి. మీ ఫాంటుకు చేతకాకపోతే 'మైనస్ అరవై మూడో ఘాతం' అని అక్షరాల్లో రాయండి.

– ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం