నా జడ అల్లిన పూలక్కకు

నిన్న సాయంత్రం ఎస్వీ విశ్వవిద్యాలయం మైదానంలో, ఏడు నెలల తరువాత, చేయి తల మీదికి ఎత్తి సర్వీసు చేశాను. బంతి వల దాటింది. మహిళల వాలీబాల్‌లో వల ఎత్తు 2.24 మీటర్లే, కానీ ఇన్నాళ్లూ నా కంటికి అది శేషాచలం కొండలంత ఎత్తుగా కనిపించింది. భుజం ఇంకా సలుపుతూనే ఉంది. ఐసు సంచి పెట్టుకుని ఎడమచేత్తో రాస్తున్నాను. రేపటిదాకా ఆగబుద్ధి కావడం లేదు.

గత ఆగస్టులో బంతి కోసం ముందుకు దూకినప్పుడు కుడి భుజం కీలు తప్పింది. అలా తప్పడం అది మూడోసారి. భుజంలో చేయి ఎముక తల పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది. ఆ గిన్నె అంచున లేబ్రమ్ అనే మెత్తని వలయం ఉంటుంది. అది చిరిగితే కీలు మాటిమాటికీ జారుతుంది. ఇంటికి వచ్చిన ప్రతివారూ పుత్తూరు కట్టుకు వెళ్లమన్నారు. ఎముక విరిగి ఉంటే నేనూ వెళ్లేదాన్నే. సెప్టెంబర్ మొదటి వారంలో బ్యాంకార్ట్ ఆపరేషన్ చేశారు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, యాంకర్లనే మూడు చిన్న మేకుల్లాంటి వాటితో ఆ అంచును మళ్లీ ఎముకకు కుట్టారు. ఆరు వారాలు చేయి స్లింగులోనే ఉంది.

అమ్మ పది రోజులుండి పీలేరు వెళ్లిపోయింది. వంట, పాప బడి, నా మందులు మా ఆయనే చూసుకున్నారు. వాళ్ల సంగతి వేరే చెప్పాలా?

చెప్పాల్సింది పూలక్క సంగతి.

దసరాకు ముందు ఒక సోమవారం, మొదటిసారి ఫిజియోథెరపీకి చంద్రగిరిలో బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం మొదలైన కొత్తలు, బస్సు కిక్కిరిసి ఉంది. ఒక చేయి స్లింగులో, ఒక చేయి కడ్డీ మీద. వానకు తడిసిన జుట్టు విడిపోయి ముఖం మీద పడుతోంది, తోసుకోవడానికి మూడో చేయి లేదు. డ్రైవరు వైపు కిటికీ దగ్గర ఒకామె ఒళ్లో కనకాంబరాల బుట్ట పెట్టుకుని మాల కడుతున్నారు. నన్ను చూసి లేచారు. "ఇటు కూర్చో పాపా, నొప్పి చేయి కిటికీ వైపు ఉంటే ఎవరూ తగలరు" అన్నారు. పక్కనామెను జరిపి తానూ సర్దుకున్నారు. కాసేపాగి "జడ వేయనా?" అని అడిగారు. బుట్ట ఎవరికో ఇచ్చి, వేళ్లతోనే చిక్కు తీశారు. ఒక్క వెంట్రుక కూడా లాగినట్టు తెలియలేదు. మూడు పాయలు తీసి, అల్లి, చివర పూలదారంతో ముడి వేశారు. ఆపరేషన్ బల్ల మీద ఏడవని నేను ఆ బస్సులో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఎందుకని అడగలేదు.

ఆ తరువాత సోమ, బుధ, శుక్రవారాల్లో ఆ సీటు నాకోసం ఆపేవారు. జడ వేసే ఆ పది నిమిషాల్లో ఆమె రెండు మూరల మాల కట్టుకోగలరు. అది ఆమె కూలి. కార్తీకంలో పూలకు ఎంత గిరాకీ ఉంటుందో తిరుపతి వాళ్లకు తెలుసు. అప్పుడు కూడా మానలేదు. డబ్బులివ్వబోతే నా చేయి వెనక్కి తోసేశారు.

ఫిజియోథెరపిస్టు నా చేయి ఎన్ని డిగ్రీలు లేచిందో రాసేవారు. పూలక్క "ఇవాళ ఎందాకా?" అని అడిగేవారు. భుజం దాకా, చెవి దాకా, నడినెత్తి దాకా చూపించేదాన్ని. చేయి మెడ వెనక్కి పోవడమే అన్నిటికన్నా చివర. కీలు జారేదీ ఆ భంగిమలోనే, స్మాష్ కొట్టాలన్నా ఆ భంగిమే కావాలి, జడ వేసుకోవాలన్నా అదే. సంక్రాంతి దాటాక ఒక బుధవారం నా జడ నేనే వేసుకుని బస్సెక్కాను. వంకరగానే ఉంది. ఆమె విప్పలేదు. మూర పూలు చేతిలో పెట్టి "నువ్వే పెట్టుకో" అన్నారు.

ఒక మాట రాయకుండా ఉండలేను. బీమా సంస్థ ఆపరేషన్‌కు డబ్బిచ్చింది. ఫిజియోథెరపీ బిల్లులను మాత్రం 'అవుట్ పేషెంట్', అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్న వైద్యం, అన్న ఒక్క మాటతో తిప్పి పంపింది. కుట్టు సగమే, మిగతా సగం నెలల తరబడి చేసే వ్యాయామం అని డాక్టరు మొదటి రోజే చెప్తారు. ఆ సగానికి ఎవరూ బాధ్యులు కారా? నాతోపాటు వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఖర్చు భరించలేక నాలుగో వారంలో మానేశారు. ఒకమ్మాయి కబడ్డీ ఆడేది. ఇప్పుడు ఆడుతోందో లేదో.

పూలక్కా, పేరు రాయవద్దన్నారు, రాయలేదు. మీ అబ్బాయి ఇది చదివి వినిపిస్తానన్నాడు. సోమవారం అదే బస్సుకు వస్తాను. పని లేదు, ఊరికే వస్తాను.

అయ్యో, రబ్బరు పట్టీతో వ్యాయామం చేయిస్తూ నా విసుగంతా భరించిన ఫిజియోథెరపిస్టు గారికి వందనాలు. రెండు నెలలు నా తరగతుల్లో నాకు బదులు బోర్డు మీద రాసిపెట్టిన తెలుగు టీచరుకు కూడా. నిన్న నాకు మెల్లగా బంతులు వేసిన డిగ్రీ పిల్లలు... ఇంకా, నేను దిగేదాకా విజిల్ వేయకుండా ఆగిన కండక్టరు గారు. ఆయనను మరిచిపోబోయాను.