అన్‌లాక్డ్ అని చెప్పి తాళం ఉన్న ఫోన్ అమ్మారు, నా డబ్బు నాకు తిరిగి ఇవ్వండి

కస్టమర్ కేర్ వారికి,

నమస్కారం. ఫిబ్రవరి 9న మీ దగ్గర 27,400 రూపాయలకు సెకండ్ హ్యాండ్ ఐఫోన్ 12 కొన్నాను. బిల్లు, మీ పేజీ స్క్రీన్‌షాట్ ఈ మెయిల్‌కు జతచేశాను. ఆ పేజీలో పెద్ద అక్షరాలతో "అన్‌లాక్డ్, ఏ దేశం సిమ్ అయినా పనిచేస్తుంది" అని ఉంది. నేను ఆ ఫోన్ కొన్నదే ఆ ఒక్క మాట చూసి.

మాది రాయగడ. మా అమ్మాయి సింగపూర్‌లో ఉంటుంది, రెండో కాన్పుకి పురుడు పోయడానికి రెండు నెలలు వెళ్లాల్సి వచ్చింది. ఇక్కడి సిమ్ మీద రోమింగ్ వేసుకుంటే పది రోజుల ప్యాక్ 2,999 రూపాయలు, రెండు నెలలకు ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టు చూపించి అక్కడి సిమ్ తీసుకుంటే అందులో చాలా తక్కువలో అయిపోతుందని మా అబ్బాయి చెప్పాడు. దానికి అన్‌లాక్ ఫోన్ కావాలి కాబట్టే మీ దగ్గర కొన్నాం.

పార్సిల్ వచ్చిన రోజు మా బజార్లో మొబైల్ షాపు కుర్రాడు సిమ్ వేస్తూ ట్రేలో ఏదో అతికించి ఉంది ఆంటీ అన్నాడు. ఉల్లిపొర అంత పల్చగా, సిమ్ సైజులో, మధ్యలో బంగారు రంగు గీతలతో ఉంది. అప్పుడే మీకు ఫోన్ చేశాం. అది నెట్‌వర్క్ బూస్టర్, తీయకండి, దాని మీదే సిమ్ పెట్టండి అని మీ మనిషి చెప్పాడు. ఆ మాట విన్నవాళ్లం ముగ్గురం ఉన్నాం. ఇక్కడ ఫోన్ బాగానే పనిచేసింది, నాకు అనుమానం రాలేదు.

సింగపూర్ వెళ్లిన రెండో రోజు లిటిల్ ఇండియాలో సిమ్ కొన్నాను. షాపతను ట్రే లాగగానే ఆ పొర ఊడి కౌంటర్ మీద పడింది. కొత్త సిమ్ ఒక్కటే పెట్టి చూశాడు, "సిమ్ నాట్ సపోర్టెడ్" అని వచ్చింది. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి క్యారియర్ లాక్ అన్న చోటు చూపించాడు. లాక్ లేని ఫోన్‌లో అక్కడ "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటుందట, నా దాంట్లో "సిమ్ లాక్డ్" అని ఉంది. ఇది అమెరికాలో ఏదో నెట్‌వర్క్ కంపెనీ వాయిదాల మీద ఇచ్చిన ఫోన్, వేరే సిమ్ పనిచేయకుండా తాళం వేసి ఉంటుంది, ఆ కంపెనీ సిమ్మే ఉందని ఫోన్‌ని నమ్మించడానికి ఈ చిప్ పెట్టారు, తాళం మాత్రం అలాగే ఉంది అన్నాడు. పాత సిమ్, పొర మళ్లీ పెట్టినా నో సర్వీసే.

ఆ మర్నాడు సాయంత్రం పెద్ద మనవడిని తీసుకుని కింద పార్కులో ఉన్నాను. పైన అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి, అల్లుడు ఆసుపత్రికి తీసుకెళ్లిపోయాడు. ఇంట్లో వైఫై ఉంది కానీ పార్కులో లేదు కదా. పైకి వచ్చి తలుపు తీసేసరికి వాట్సాప్‌లో ఏడు మిస్డ్ కాల్స్. ఊరు కాని ఊరు, చేతిలో మూడేళ్ల పిల్లాడు, ఏ ఆసుపత్రో కూడా తెలియదు. ఆ పావుగంట టెన్షన్ ఎలాంటిదో మీకు రాసి చెప్పలేను. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు, అది వేరే సంగతి.

తర్వాత మా అబ్బాయి వీడియో కాల్‌లో చెబుతూ ఉంటే ఆ పొర ఎలాగో మళ్లీ పనిచేసింది. ఇక దాన్ని కదిపే ధైర్యం లేక 2,999 చొప్పున రెండు రోమింగ్ ప్యాకులు వేయించుకున్నాను. ఆ తర్వాత అల్లుడు తన పాత ఫోన్ ఇచ్చాడు.

తిరిగొచ్చి అడిగితే మీ వాళ్లు మూడు రోజుల్లో మూడు మాటలు చెప్పారు. మొదట ఇండియాలో పనిచేస్తోంది కదా అన్నారు, తర్వాత ఆ చిప్ మీరే పెట్టుకున్నారు అన్నారు, ఆఖరికి 3,500 కడితే అన్‌లాక్ చేసిస్తాం అన్నారు. అన్‌లాక్డ్ అని అమ్మిన ఫోన్‌ని అన్‌లాక్ చేయడానికి నేనెందుకు కట్టాలి? అయినా ఆ తాళం ఏ నెట్‌వర్క్ కంపెనీ వేసిందో ఆ కంపెనీయే ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) మీద తీయాలి. ఫోన్ బాకీ తీరిపోతే అమెరికాలో అడిగిన కస్టమర్‌కి కంపెనీలు తీసి ఇస్తాయి, అలా తాళం తీయించుకోవడానికి అనుమతిస్తూ అక్కడ 2014లో చట్టం కూడా వచ్చింది. ఇది ఇంకా తాళంతోనే ఉందంటే దీని బాకీ తీరిందో లేదో నాకేం తెలుసు? మీకు తెలిసి ఉండాలి, తెలిసే ఆ పొర పెట్టారు.

ఫోన్ 27,400, రోమింగ్ 5,998, మొత్తం 33,398 రూపాయలు నా అకౌంట్‌కి వేయండి. ఏడు రోజుల రిటర్న్ గడువు దాటిందని చెప్పకండి, అబద్ధం చెప్పి అమ్మినదానికి గడువేంటి? ఆ పేజీలో "అన్‌లాక్డ్" అన్న మాట తీసేయండి, ఇలాంటి చిప్ పెట్టిన ఫోన్లు కొన్నవాళ్లందరికీ మీరే ఫోన్ చేసి చెప్పండి. గల్ఫ్‌కి పనికి వెళ్లేవాడు విమానం దిగాక నాలాగే షాపు ముందు నిలబడకూడదు.

ఈ-కామర్స్ నియమాల ప్రకారం మీ గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఈ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీరు హైదరాబాద్‌లో ఉన్నా నేను ఉన్న చోటే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

ఫోన్, బిల్లు, ఆ పొర మూడూ మీరు పంపిన డబ్బాలోనే భద్రంగా ఉన్నాయి. డబ్బు పడిన రోజు మీ కొరియర్ వచ్చి తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
మీ కస్టమర్, రాయగడ