మీరు మూసేసిన మా ఫిర్యాదు టికెట్ గురించి

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

నమస్కారం. దీన్ని కూడా ఎవరూ చదవరన్న నమ్మకంతోనే రాస్తున్నాను.

మందుల టోకు దుకాణాల లెక్కలు చూసే మా జావా ప్రాజెక్టుకు తొమ్మిదేళ్లు. దాని జోలికి పోకుండా, గుమాస్తా బటన్ నొక్కినప్పుడు మాత్రమే అపాచీ కామెల్ (ఒక చోటి డేటాను మరో చోటికి చేరవేసే సాఫ్ట్‌వేర్) లేచి, బ్యాంకు సర్వర్ నుంచి ఫైలు తెచ్చి, మళ్లీ పడుకోవాలి. మేము అడిగింది ఒక్కటే: పని ముగిశాక ఆ ఫైలు తెచ్చే రూటు (కామెల్‌లో ఇలాంటి పనికి రాసిపెట్టే దారి) తనను తాను ఆపుకోబోతే ఎందుకు బిగుసుకుపోతోంది? కామెల్ ఉచితమే. ఏటా మీకు డబ్బు కడుతున్నది ఇలాంటప్పుడు పలుకుతారనే.

మొదటి ఉద్యోగి లాగ్ ఫైళ్లు అడిగాడు, పంపాం. రెండో ఆవిడ అవే ఫైళ్లు మళ్లీ అడిగింది, మళ్లీ పంపాం. మూడో ఆయన ఫైళ్లు తెరవకుండానే, ప్రాజెక్టు మొత్తాన్ని మీ ప్లాట్‌ఫారానికి మార్చుకోమని కొటేషన్ పంపాడు. అగ్గిపుల్ల అడిగితే ఇల్లు అమ్మజూపినట్టుంది! నాలుగో అమ్మాయి పాపం చాలా మర్యాదస్తురాలు. "కామెల్ అంటే మీ ప్రింటరాండీ?" అని అడిగింది. కాదన్నాను. పై అధికారికి కలుపుతానని చెప్పి నలభై నిమిషాలు వేణుగానం వినిపించింది.

ఆ తర్వాత పదకొండు రోజులు మీ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. పన్నెండో రోజు మెయిల్ వచ్చింది: "కస్టమర్ నుంచి స్పందన లేనందున టికెట్ మూసివేయడమైనది." స్పందించనిది నేనా?

సమాధానం మా దగ్గర చేరి ఆరు నెలలైన కుర్రాడు కామెల్ ఉచిత పత్రాల్లోనే పట్టుకున్నాడు. ఆగే ముందు రూటు తన చేతిలో ఉన్న పని పూర్తవ్వాలని ఎదురుచూస్తుంది. ఆ పనేమో రూటు ఆగాలని ఎదురుచూస్తుంది. 45 సెకన్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆపే పనిని ప్రోగ్రాంలో పక్కనే విడిగా నడిచే వేరే థ్రెడ్‌కు అప్పగిస్తే సరిపోయింది. మీ నలుగురిలో ఒక్కరు రెండు వాక్యాలు రాయవలసింది.

ఏడేళ్లుగా ఒక్కసారి కూడా గడువు దాటించకుండా చెల్లించాను. మరో ముగ్గురికి మీ పేరు చెప్పింది కూడా నేనే, అందుకు వాళ్లకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ ఏటి రుసుము వాపసు అడగాలా అని ఆలోచిస్తున్నాను. వ్యాపార అవసరానికి కొన్నది కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో నిలవకపోవచ్చని మా వకీలు అంటున్నారు. సివిల్ కోర్టులు ఇంకా తెరిచే ఉన్నాయని కూడా ఆయనే అన్నారు.

ముందు ఆ టికెట్ తెరిచి, మూసిన కారణం మార్చి రాయండి. "మా నుంచి స్పందన లేనందున" అని.

ఇట్లు,
మార్చి 31 వరకు మీ కస్టమర్