పుస్తకం రథసప్తమికి రావడం లేదు, కారణం నేనే

ముందుగా డబ్బు కట్టిన పాఠకులందరికీ నమస్కారం.

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర మన పుస్తకాల దుకాణం నుంచి రథసప్తమికల్లా మీ చేతికి వస్తుందని చెప్పిన ఫాంటసీ నవల ఆ రోజుకి రాదు. ప్రెస్సు వాళ్లు ఆలస్యం చెయ్యలేదు. రచయిత్రి తప్పు అసలే లేదు. ఏం జరిగిందో దాచకుండా చెబుతాను.

కథ మీకు కొంత తెలుసు. నాయనమ్మ పోయాక ఆవిడ వాడిన వాలుగ చేప దవడ పదహారేళ్ల మనవరాలికి దక్కుతుంది. మన పొందూరులో సన్నఖాదీకి పత్తిని ఆ దవడ పళ్లతోనే దువ్వుతారు. దూది అంత శుభ్రంగా వస్తేనే వంద కౌంటంత సన్నటి నూలు తీయగలరు. నవలలో ఆ నూలు చెప్పిన మాట వింటుంది. వంతెన అవుతుంది, గోడ అవుతుంది, ఒకచోట వంశధార వరదకే అడ్డం నిలుస్తుంది. కాని నాయనమ్మ పలికినట్టు పలికితేనే వింటుంది. పలికిన ప్రతిసారీ ఆవిడ నేర్పిన మాట ఒకటి పిల్ల మనసులోంచి చెరిగిపోతుంది. చివరి యుద్ధానికి ఒకే ఒక్క మాట మిగులుతుంది. ‘ఒగ్గీకు’.

ఆ మాటను నేను ‘వదలకు’ అని మార్పించాను.

భయంతో చేశాను. 336 పేజీలు, అంటే పదహారేసి పేజీల అచ్చుకట్టలు, ఫారాలంటాం, 21; కాపీలు 500. సగమైనా బయటి జిల్లాల్లో పోకపోతే అప్పు తీరదు. గుంటూరులోనో కరీంనగర్లోనో చదివేవాళ్లకి మన సిక్కోలు, అంటే శ్రీకాకుళం మాట అర్థం కాదేమో అనుకున్నాను. నాయనమ్మ మాటలన్నీ పుస్తకభాషలోకి తెమ్మని ప్రూఫులు దిద్దే ఆయనకి చెప్పాను. ‘బేగి రాయే గుంటా, నూలు ఒగ్గీకు’ అన్నది ‘త్వరగా రా అమ్మాయీ, నూలు వదలకు’ అయింది. రచయిత్రికి చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని నాకు తెలుసు.

అచ్చయి వచ్చిన పుస్తకాల మొదటి కట్ట విప్పిన రోజు రచయిత్రి అమ్మాయి దుకాణానికి వచ్చింది. అట్ట తడిమి చూసుకుంది, వాసన చూసింది, నేరుగా 318వ పేజీ తీసింది. చాలాసేపు ఆ పేజీ మీదే వేలు పెట్టి ఉంచింది. తరువాత పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, “ఈ మాటకి నూలు కదలదు బాబాయ్‌గారూ” అంది. అంతే అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 1997లో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం పెట్టిన ఊరు ఇది. ఈ ఊళ్లో పుస్తకాల దుకాణం నడుపుతూ, ఇక్కడి ముసలమ్మ మాట బయటివాళ్లకి పనికిరాదని తీర్మానించినందుకు సిగ్గుపడుతున్నాను.

జిగురు బైండింగు విప్పి ఫారాలు మార్చడం కుదరదు. అందుకని 500 కాపీలూ మళ్లీ వేయిస్తున్నాను. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు గాని కాగితం మీద 18 శాతం ఉంది, అది మాకు వెనక్కి రాదు. అయినా ధర 350 రూపాయలే, పైసా పెంచను. చివర అర్థాల పట్టిక పెడదామా అని రచయిత్రిని అడిగాను. “వద్దండీ, ఆ గుంటకి మాత్రం మొదట్లో అర్థమయ్యాయా?” అంది. పెట్టడం లేదు.

పాత కాపీ అప్పటికే పన్నెండుమందికి వెళ్లిపోయింది. తిప్పి పంపనక్కర్లేదు, కొత్తది నా ఖర్చుతోనే వస్తుంది. దయచేసి చివరి మూడు అధ్యాయాలు అందులో చదవకండి. డబ్బు వెనక్కి కావాలన్నవాళ్లకి అడిగిన రోజే పంపుతాను. కారణం చెప్పనక్కర్లేదు.

ఈసారి ప్రూఫులు ఆ అమ్మాయే చూస్తోంది. నిన్న రాత్రికి తొమ్మిదో ఫారం అయింది. 21వ ఫారం మీద ఆమె సంతకం పడ్డాకే ప్రెస్సుకి పంపుతాను, తేదీ ఆ రోజు చెబుతాను.