ఛాంబర్ ప్యాకింగ్ పనికి ఒక రోజు ఇవ్వండి

ఎడిటర్ గారికి,

తాడిపత్రి చుట్టుపక్కల నాపరాతి గనుల దారుల్లో తిరిగే ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్పుల్లో చాలావాటికి ఆయిల్ ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచు వెంట బయటినుంచి సిలికాన్ పూసి ఉంటుంది. ఆ పూత నిలవదు. ఆయిల్ వేడెక్కి పలచబడగానే దాన్ని తోసుకుని బయటికొస్తుంది. ఛాంబర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగ్ మార్చాలంటే ఛాంబర్ దించాల్సిందే. టూవీల్ డ్రైవ్ బండికి ఒక పూటలో అయ్యే పని ఫోర్‌వీల్‌కు రోజంతా పడుతుంది. ఎందుకో తెలిస్తే బండి యజమానులు తొందరపెట్టరని ఈ ఉత్తరం.

కారుతున్నది ఛాంబర్ దగ్గరేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ట్యాపెట్ కవర్, ఆయిల్ ఫిల్టర్, ప్రెషర్ స్విచ్చి, వెనక క్రాంక్ సీలు, వీటిలో ఏది కారినా చుక్క పడేది ఛాంబర్ అంచునుంచే. చల్లారిన ఇంజిన్‌ను కడిగి, ఆరాక అంచు చుట్టూ పౌడర్ చల్లి, పావుగంట నడిపి టార్చి వేసి చూస్తే తడి ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు కూడా ఊడదీసి చూడండి. జిడ్డు, దుమ్ము కలిసి అది పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త ప్యాకింగైనా కారుతుంది.

ఫోర్‌వీల్ బండికి ముందు చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ సరిగ్గా ఛాంబర్ కింద అడ్డంగా ఉంటుంది. కొన్నింటికి దాన్ని దించాలి. కొన్నింటికి మౌంటింగ్ నట్లు విప్పి ఇంజిన్‌నే 2, 3 అంగుళాలు లేపాలి. ముందుగా బ్యాటరీ తీగ తీయాలి. ఫ్యాన్ కవర్ వదులు చేయకపోతే ఇంజిన్ లేపేటప్పుడు ఫ్యాన్ రెక్కలు దానికి తగిలి విరుగుతాయి. క్రాంక్ పుల్లీ కింద జాకీ పెట్టకూడదు. ఇక బండిని నాపరాళ్ల పేర్పు మీద నిలబెట్టడం మన దగ్గర మామూలైపోయింది. పొరలు పొరలుగా ఉండే ఆ రాయి బరువుకు ఉన్నట్టుండి పగులుతుంది. కింద మనిషి పడుకుని ఉంటాడు. దయచేసి ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లే పెట్టండి.

బోల్టులన్నీ విప్పినా ఛాంబర్ ఊడకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి. గీత పడిందంటే అక్కడే కారుతుంది. పలచటి పుట్టీ బ్లేడు చాలు. కదిలి కూడా బయటికి రాకపోతే క్రాంక్ షాఫ్టు అడ్డం ఉందేమో ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడాలి. లేదా పంపుకు వెళ్లే ఆయిల్‌ను వడకట్టే స్ట్రెయినర్ తగులుతుంటుంది. దాని బోల్టులు విప్పితే ఛాంబర్లోకే పడుతుంది. తిరిగి బిగించేటప్పుడు దానికి కొత్త ఓ-రింగు వేయాలి. పాతదే వేస్తే పంపు గాలి పీల్చి ఆయిల్ ప్రెషర్ రాదు.

రేకు ఛాంబర్‌ను చదునైన బల్లమీద బోర్లించి చూడండి. ఎప్పుడో అతిగా బిగించి ఉంటే బోల్టు రంధ్రాల చుట్టూ రేకు ఉబ్బి, ఛాంబర్ ఊగుతుంది. అంచును చెక్క మీద ఆనించి ఆ ఉబ్బును చిన్న సుత్తితో మెల్లగా తట్టి అణచాలి. ఇది వదిలేసినందుకే చాలా ప్యాకింగులు తిరిగి కారతాయి.

రెండు ముఖాలూ జిడ్డు లేకుండా తుడిచి, రబ్బరు ప్యాకింగును పొడిగానే వేయాలి. సిలికాన్ పూస్తే బిగించేటప్పుడు జారిపోతుంది. టైమింగ్ కవర్, వెనక సీలు హౌసింగు బ్లాకుతో కలిసే మూలల్లో మాత్రం ఒక చుక్క పెట్టాలి. ప్యాకింగే లేని అల్యూమినియం ఛాంబర్‌కు 3 మి.మీ. మందాన, రంధ్రాలకు లోపలివైపుగా, ఎక్కడా తెగకుండా సిలికాన్ గీయాలి. ఎక్కువైతే లోపలికి పిండుకుని, తునకలై స్ట్రెయినర్ జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిల్ అందక బేరింగులు పట్టేస్తాయి.

10 నంబరు పానా పట్టే 6 మి.మీ. బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. కంపెనీ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. నడుమనుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించాలి. సిలికాన్ వేసిన బండిని రాత్రంతా ఆరనిచ్చి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి, పొద్దున ఆయిల్ పోయడం మేలు. స్టార్ట్ చేశాక ప్రెషర్ లైటు ఆరేదాకా రేస్ ఇవ్వకండి. ఛాంబర్ బోల్టులను తర్వాత మళ్లీ బిగిస్తే గట్టిపడ్డ సిలికాన్ పొర తెగుతుంది.

బండి వదిలేటప్పుడు సాయంత్రానికే కావాలనకండి. దించిన ఛాంబర్ అంచునూ, ఊడిన పాత ప్యాకింగునూ చూపించమని అడగండి.

– డీజిల్ మెకానిక్కులు,
తాడిపత్రి, అనంతపురం జిల్లా