ఎరుపు ఎవరిది? పిల్లలదా, కొలబద్దదా?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం సంచికలో ‘పిల్లల ప్రవర్తన: ఏ దేశం ఎక్కడ?’ అన్న పేజీ వచ్చి పది రోజులు దాటింది. సవరణ వేస్తారేమోనని ఆగాను. వేయలేదు సరికదా, సమస్యలు ఎక్కువున్న దేశాలకు ఎరుపు, మిగతావాటికి పసుపు, ఆకుపచ్చ పులిమిన ఆ పటాన్నే పట్టుకుని మొన్న సంపాదకీయంలో తల్లిదండ్రుల పెంపకానికి రెండు పేరాల చీవాట్లు పెట్టారు. ఇక రాయక తప్పలేదు.

పటం దేని ఆధారంగా గీశారో పేజీ అడుగున, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో ఉంది. పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో బ్రిటన్‌లో ప్రచురించిన ‘స్ట్రెంగ్త్స్ అండ్ డిఫికల్టీస్’ ప్రశ్నావళి. అందులో ఐదేసి చొప్పున ఐదు విభాగాలుగా 25 వాక్యాలుంటాయి. గడిచిన ఆరు నెలల్లో పిల్లవాడు ఎలా ఉన్నాడో తలచుకుని తల్లో తండ్రో టీచరో ఒక్కో వాక్యానికి ‘నిజం కాదు’, ‘కొంతవరకు నిజం’, ‘కచ్చితంగా నిజం’ అన్న మూడు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెడతారు. సమస్యను చెప్పే వాక్యమైతే ఆ గడులకు వరసగా 0, 1, 2 మార్కులు. మంచి నడతకు సంబంధించిన ఐదూ పక్కన పెట్టి, మిగతా 20 వాక్యాల మార్కులు కూడితే 0 నుంచి 40 లోపు ఒక అంకె వస్తుంది. తల్లిదండ్రులు నింపిన ఫారమైతే 13 వరకు మామూలు, 14 నుంచి 16 దాకా అటూ ఇటూ, 17 నుంచి ‘సమస్య’. టీచరు నింపితే గీతలు మారతాయి: 11 వరకు మామూలు, 16 నుంచి సమస్య.

ఈ గీతలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బ్రిటన్ పిల్లల్లో సుమారు 80 శాతం మామూలు గడిలో, 10 శాతం మధ్యలో, 10 శాతం పై గడిలో పడేటట్టు గీశారు. అంటే అక్కడ పదిమందిలో ఒకరికి సమస్య ఉందని ఎవరూ కనిపెట్టలేదు, గీత అక్కడ గీశారు గనుక అంత వచ్చింది. అదే గీతను మరో దేశం మీద పరిచి, ‘ఇక్కడ అంతకంటే ఎక్కువ’ అని ఎర్ర రంగు పులిమితే, ఆ ఎరుపు పిల్లలదో, నింపినవాళ్ల చేతిదో తేలేదెలా?

లెక్క చూడండి. 13 మార్కులున్న పిల్లవాడు మామూలు. వాడి గురించే మరో తల్లి, కాస్త కటువుగా చూసే తల్లి, నాలుగంటే నాలుగు వాక్యాల దగ్గర ‘నిజం కాదు’ బదులు ‘కొంతవరకు’ గడిలో టిక్కు పెట్టిందనుకోండి. 17 అయింది. పిల్లవాడు వేలు కూడా కదపకుండా మధ్య గడిని దాటేసి సమస్య గడిలో పడ్డాడు. ఇరవైలో నాలుగు! పెద్దవాళ్ల సహనంలో ఆ మాత్రం తేడా ఇంటికీ ఇంటికీ మధ్యే ఉంటుంది, దేశాల సంగతి చెప్పాలా.

ఇది నా ఊహ కాదు. 1995లో జాన్ వైజ్ అనే అమెరికా మనస్తత్వవేత్త బృందం థాయిలాండ్, అమెరికా బడి పిల్లల మీద చేసిన పనిని ఈ రంగంలో ఉన్నవాళ్లంతా చదివే ఉంటారు. టీచర్ల ఫారాల ప్రకారం థాయ్ పిల్లల్లోనే సమస్యలు ఎక్కువ. శిక్షణ పొందిన పరిశీలకులు తరగతిలో కూర్చుని లెక్కబెడితే వ్యవహారం తలకిందులైంది: అమెరికా పిల్లల్లో సమస్య ప్రవర్తన దాదాపు రెండింతలు. నెమ్మదిగా ఉండే పిల్లల మధ్య చిన్న కదలిక కూడా టీచరు కంట్లో పడుతుంది, గోలగా ఉండే గదిలో అదే కదలిక గాలికి పోతుంది. 1992లో వచ్చిన మరో అధ్యయనంలో చైనా, ఇండోనేషియా, జపాన్, అమెరికా నిపుణులకు ఎనిమిదేళ్ల అబ్బాయిల వీడియోలు నాలుగు చూపించారు. అందరూ చూసింది అవే వీడియోలు. చైనా, ఇండోనేషియా వాళ్లు వేసిన మార్కులు మాత్రం స్పష్టంగా ఎక్కువ. టీచర్లూ తల్లిదండ్రులూ సరే, తర్ఫీదు పొందిన నిపుణుల దగ్గరే ఇంత తేడా.

ఇక అనువాదం. మీ పేజీలో దీని గురించి ఒక్క ముక్క లేదు, అసలు పేచీ సగం ఇక్కడే ఉంది. ‘కుదురుగా కూర్చోలేడు’ అన్న వాక్యం తీసుకోండి. ఎదుట ‘నిజం కాదు’ అన్న గడి. ఫారం చదివి వినిపిస్తుంటే తల్లి “లేదండీ” అంటుంది. కూర్చోవడం లేదనా? అలాంటిదేమీ లేదనా? లోపల ఒక ‘లేడు’, బయట ఒక ‘కాదు’ ఉంటే విన్నవాళ్లకు ఏది తోస్తే అది రాసుకుంటారు. 0 రావలసిన చోట 2 పడుతుంది. ‘కాసేపు కూడా కూర్చోకుండా లేచి తిరుగుతుంటాడు’ అని తిప్పి రాస్తే ఈ గొడవే ఉండదు, కానీ అలా తిప్పి రాసే ఓపిక ఎవరికుంది?

రెండోది ఇంకా లోతైనది. ఇలాంటి జాబితాల్లో ‘ఎక్కువగా వాదిస్తాడు’ అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. దాన్ని తెలుగులో ‘ఎదురు చెబుతాడు’ అని రాస్తే, అందులో పెద్దల ముందు నోరెత్తడమే తప్పన్న తీర్పు ముందే దూరిపోయింది. ‘వాదిస్తాడు’ అంటే పర్వాలేదనుకున్న తల్లే, ‘ఎదురు చెబుతాడు’ అనగానే “మా వాడా? ఛ!” అంటుంది, లేదా మనసులో ఉన్న కోపమంతా ఆ గడిలో కక్కుతుంది. ‘అల్లరి’ సంగతీ అంతే. ఆ మాటలో ముద్దు ఉంది, ఫిర్యాదూ ఉంది, ఏది ఎంత పాలో పలికిన గొంతును బట్టి ఉంటుంది. ‘పెంకి’, ‘మొండి’, ‘మారాం’, ‘ఆగడం’ ఒకే మెట్టు మీద ఉండవు. తమాషా ఏమిటంటే, ‘ఎదురు చెబుతాడు’ అన్నదాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూసినా పట్టుబడదు. తిరుగు అనువాదంలో మళ్లీ ‘వాదిస్తాడు’ అనే వస్తుంది. అందుకే తిరుగు అనువాదం చేశాం అని చెప్పుకుంటే చాలదు. ఫారం నింపిన పదిపదిహేను మందిని కూర్చోబెట్టి, ‘ఈ వాక్యం చదివినప్పుడు మీకేం గుర్తొచ్చింది? ఈ గడే ఎందుకు ఎంచుకున్నారు?’ అని ఒక్కో వాక్యం దగ్గరా అడగాలి. పొరపాట్లు బయటపడేది ఆ కబుర్లలోనే.

మూడోది శుద్ధ గుమాస్తా తప్పు. ఆ 20 వాక్యాల్లో ఐదు మంచిగా రాసినవి: పెద్దల మాట వింటాడు, కనీసం ఒక మంచి స్నేహితుడున్నాడు, తోటి పిల్లలకు ఇష్టుడు, ఆలోచించి పని చేస్తాడు, మొదలుపెట్టిన పని పూర్తిచేస్తాడు. వీటికి మార్కులు తిరగేసి వేయాలి, ‘కచ్చితంగా నిజం’ అయితే 0. తిరగేయడం మరిచిపోతే, ఐదింటికీ ‘కచ్చితంగా నిజం’ పడిన బుద్ధిమంతుడికి ఊరికే 10 మార్కులు అంటుకుంటాయి. ఒక దేశపు లెక్కలో ఈ పొరపాటు జరిగితే, ఆ దేశం మీ పటంలో ఎర్రబడుతుంది.

ఫారం ఎవరు నింపారన్నది కూడా మీరు రాయలేదు. ఒకే పిల్లవాడి గురించి ఇంట్లోవాళ్లూ బడిలోవాళ్లూ ఇచ్చే మార్కుల మధ్య పొంతన చాలా తక్కువని 1987 నుంచీ తెలుసు. ఆకెన్‌బాక్, మెకానహీ, హోవెల్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి చూస్తే, వేర్వేరు చోట్ల పిల్లవాణ్ని చూసే పెద్దల మధ్య సహసంబంధం సగటున 0.28 (పూర్తిగా కలిస్తే 1, అసలు పొంతన లేకపోతే 0). అబద్ధమాడుతున్నారని కాదు, బడిలో పిల్లి ఇంట్లో పులి కావచ్చు. ఒక దేశం నుంచి తల్లుల ఫారాలూ మరో దేశం నుంచి టీచర్ల ఫారాలూ తెచ్చి ఒకే రంగుల పట్టీ కింద పెడితే మాత్రం అది కొలత అనిపించుకోదు.

మరి అధికారులు? వాళ్లకు అంకె కావాలి, అదీ ఫలానా తేదీలోగా. తరగతి మొత్తానికీ ఒక టీచరు ఒకే మధ్యాహ్నం కూర్చుని ఫారాలు నింపితే ఏం జరుగుతుందో కట్ట చూస్తే తెలుస్తుంది. మొదటి పది ఫారాల్లో టిక్కులు అటూ ఇటూ ఉంటాయి, ఆ తర్వాత వరసంతా మధ్య గడిలో నిలువు గీతలా దిగుతుంది. ఖాళీ వదిలేసిన వాక్యాలకు 0 వేసి కూడేస్తారు. ఒక విభాగంలో ఐదింటికి మూడైనా నింపి ఉంటేనే సగటు చూసి లెక్కగట్టాలని, లేకపోతే వదిలేయాలని నియమం ఉంది. ఆ నియమం చదివినవాళ్లు సంతకం పెట్టే స్థాయిలో ఉండరు, సంతకం పెట్టేవాళ్లు చదవరు.

ఇంతా చెప్పి, ‘అంతా సంస్కృతి మహిమ, కొలవడమే దండగ’ అనేవాళ్ల పక్షాన నిలబడ్డానని అనుకోవద్దు. అది రెండో రకం బద్ధకం. ఇలాంటిదే మరో ఫారం, ఆకెన్‌బాక్ చెక్‌లిస్ట్‌తో 31 సమాజాల్లో 55,508 మంది పిల్లల తల్లిదండ్రులు ఇచ్చిన మార్కులను 2007లో ప్రచురించారు. ఏ సమస్యలు ఎక్కువ, ఏవి తక్కువ అన్న వరస సమాజాల మధ్య బాగానే కలిసింది, సగటు సహసంబంధం 0.74. మార్కుల్లోని మొత్తం తేడాలో సమాజానికి దక్కిన వాటా, విభాగాన్ని బట్టి, 3 నుంచి 14 శాతమే. మిగతాదంతా ఒకే సమాజంలో పిల్లవాడికీ పిల్లవాడికీ మధ్య ఉన్నది. అయినా సగటులు పోల్చి ఊరుకోలేదు వాళ్లు. తక్కువ మార్కుల సమాజాలు, మధ్యవి, ఎక్కువవి అని మూడు గుంపులు చేసి వేర్వేరు ప్రమాణాలిచ్చారు. మీ పటం గీసినవాళ్లకు ఆ మాత్రం అనుమానం కూడా రాలేదు.

పైగా ఇదే గుడ్‌మన్ ప్రశ్నావళిని ఏడు దేశాల్లో, బంగ్లాదేశ్, బ్రెజిల్, బ్రిటన్, ఇండియా, నార్వే, రష్యా, యెమెన్‌లలో, పూర్తి నిర్ధారణ పరీక్షలతో పోల్చి చూసి, ఫారంలో కనబడే దేశాల తేడాలు అసలు రుగ్మతల తేడాలను ఉన్నదున్నట్టు చూపుతాయనుకోలేమని 2012లోనే రాశారు. రాసినవాళ్లలో ఆ ప్రశ్నావళి తయారుచేసిన గుడ్‌మన్ కూడా ఒకరు. తాను చేసిన తూకపు రాయి గురించి తానే చెప్పుకున్న మాట మీ డెస్కు దాకా రాలేదు కాబోలు.

ఒకప్పుడు ఇలాంటి వార్త చివర ఎంతమందిని, ఎవర్ని, ఎలా అడిగారో ఒక్క వాక్యమైనా ఉండేది. ఇప్పుడు ఆ జాగా రంగులకు పోయింది. మీ వచ్చే ఆదివారం సంచికలో ఐదు సంగతులు అచ్చువేయండి: ప్రతి దేశంలో ఫారం నింపింది తల్లా, టీచరా, పిల్లల వయసు ఎంత, ఏ భాషలో నింపారు, ఆ అనువాదాన్ని ఎవరి మీద పరీక్షించారు, 17 అన్న గీత ఆ దేశపు పిల్లల్ని చూసి గీశారా, బ్రిటన్ నుంచి తెచ్చుకున్నారా. జవాబులు మీ దగ్గర లేకపోతే, పటంలో ఆ దేశాన్ని తెల్లగా వదిలేయండి.

ఇట్లు,
పిల్లల ప్రవర్తన ఫారాలతోనే రోజూ పనిచేసే ఒక పాఠకురాలు