పుష్కరాల దారిలో పాత బాయి కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. గోదావరిఖనిలో కూడా ఎప్పటిలాగే మెట్లు కడతారు, లైట్లు పెడతారు, పన్నెండు రోజులు కాగానే అటువైపు ఎవరూ చూడరు. ఆ నిధుల్లోంచే ఊరి నడుమ నుంచి నది దాకా మనుషులు నడిచే దారి ఒకటి వేయాలి. మూతపడ్డ బాయిల్లో, అంటే బొగ్గు గనుల్లో, ఒక్కదాన్నయినా ఆ దారిలో ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలి. నేను అడిగేది ఇదే.

బయటివాళ్లకు మా ఊరంటే రాజీవ్ రహదారి మీద బస్సు కిటికీలోంచి కనిపించే దుమ్ము, బొగ్గు లారీలు, గోదావరి వంతెన. దిగి నడిస్తేనే ఊరు తెలుస్తుంది. కానీ నడవడానికి ఫుట్‌పాత్ ఎక్కడుంది? ఫైవింక్లైన్ చౌరస్తా నుంచి గోదావరి ఒడ్డుకు పిల్లల చెయ్యి పట్టుకుని పోవాలంటే, వెనక నుంచి ఏ లారీ వస్తుందోనని టెన్షనే.

మూసిన బాయి దగ్గర చూసేదేముందని అడుగుతారు. మస్టర్ కిటికీ, అంటే హాజరు వేసే కిటికీ, ఉంది. మూడు షిఫ్టుల మనుషులు మోచేతులు ఆనించి ఆనించి దాని సిమెంటు గట్టు నున్నబడింది. ల్యాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంపులు, అంటే టోపీకి పెట్టుకునే దీపాలు, చార్జింగ్ పెట్టే ఇనుప గూళ్లు, వాటి మీద నంబర్లు ఉన్నాయి. దీపం తన గూట్లోకి తిరిగి రాలేదంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క. మా నాన్న తట్టా, చెమ్మస్ (పార) పట్టి బొగ్గు ఎత్తిన ఫిల్లర్. షిఫ్టు దిగాల్సిన వేళ దాటితే మా అమ్మ ఎవరినైనా ల్యాంప్ రూమ్‌కే పంపించేది. ఆ గూళ్లు తుక్కు కింద పోతే ఈ సంగతి పిల్లలకు ఏం చూపించి చెప్పాలి?

నదికీ బాయికీ ఉన్న సంబంధం మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. బొగ్గు తీశాక కింద మిగిలే ఖాళీని అలాగే వదిలేస్తే పైకప్పు కూలుతుంది, పైన నేల కుంగుతుంది. అందుకని గోదావరి ఇసుకను బంకర్లకు చేర్చి, నీళ్లతో కలిపి పైపుల్లో బాయిలోకి వదిలేవారు. నీళ్లు వడిసి బయటికి పోతాయి, ఇసుక గట్టిపడి కప్పును మోస్తుంది. అంటే గోదావరిలో కొంత భాగం మన కాళ్ల కింద భూమిలో ఉంది. ఒక ఇసుక బంకర్ పక్కన ఈ నాలుగు ముక్కలు రాసి బోర్డు పెడితే చాలు, బడి పిల్లలు ఒక్క పూటలో నేర్చుకుంటారు.

1990ల మొదట్లో సింగరేణిలో పనిచేసేవాళ్లు లక్ష దాటి ఉండేవారు. ఇప్పుడు 40 వేల చిల్లర. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. పక్కనే రామగుండం బీ థర్మల్ విద్యుత్ కేంద్రం, 62.5 మెగావాట్లది, 1971లో మొదలై 2024లో ఆగిపోయింది. దాని చోట కొత్త ప్లాంటు వస్తే మంచిదే, ఉద్యోగాలు కావాలి. 1999లో మూతపడ్డ ఎరువుల కర్మాగారం 2021లో మళ్లీ నడవడం మొదలైతే ఇక్కడ సంతోషించని వాళ్లు లేరు. కానీ కొత్తది కట్టేముందు పాతదాంట్లోంచి ఏది ఉంచాలని ఎవరైనా అడిగారా?

2022 చివర్లో ఆర్టీసీ సింగరేణి దర్శన్ పేరుతో బస్సు నడిపి గనులు చూపించింది. మంచి పని. అయితే బస్సు దిగి గని చూసి మళ్లీ బస్సెక్కితే క్వార్టర్ల వరసలు, నది ఒడ్డున సమ్మక్క గద్దెలు, ఇసుక తిన్నెలు కంటపడవు. సుందిళ్ల బ్యారేజీ నిండిన రోజుల్లో సముద్రంలా కనిపించిన గోదావరి, 2023లో దిగువన మేడిగడ్డ బ్యారేజీ కుంగి, బ్యారేజీలన్నీ ఖాళీ చేశాక మళ్లీ పాయలుగా చీలింది. ఒడ్డున నిలబడితే మురికి కాల్వ వాసన కూడా వస్తుంది. అదీ చూడాలి. పదిమంది రోజూ నడిస్తేనే మురుగు ఆపాలనే ఒత్తిడి వస్తుంది.

బాయిలోకి దింపమని అడగడం లేదు. మూసిన గనిలో గాలి ఆడదు, మీథేన్ చేరుతుంది, కప్పుకు భరోసా ఉండదు. బాయిలోకి ఏటవాలుగా దిగే ఇంక్లైన్ నోరు గోడతో మూసే ఉండనివ్వండి. పైనున్న మస్టర్, ల్యాంప్ రూమ్, బంకర్ చాలు. చూపించడానికి రిటైరైన ఫిల్లర్లను, కప్పుకు దుంగలు ఆనించే టింబర్‌మెన్లను రోజు కూలి ఇచ్చి పెట్టుకోండి. ఊపిరితిత్తుల్లో దుమ్ముతో బతుకుతున్న వాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లను మరీ ఆలస్యం చేయకుండా పిలవాలి. డబ్బుకు జిల్లా ఖనిజ నిధి ఉంది, అది ఉన్నదే గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం.

రామగుండం కార్పొరేషన్, సింగరేణి, నీటిపారుదల శాఖ అధికారులు ఒకరోజు పొద్దున్నే కార్లు చౌరస్తాలో ఆపి నది దాకా నడిచి రావాలని, పుష్కరాల ప్లాన్ మీద సంతకాలు ఆ తర్వాతే చేయాలని కోరుతున్నాను.

— ఒక బాయి కార్మికుడి కూతురు, గోదావరిఖని